ఒంటిచేతి జవాబు

సుంకన్న తన కూతురిని ఆదోని నుంచి వెనక్కి పిలిపించుకుంటానన్నాడు. ఎందుకని అడిగితే, అది తనకు ఒంటి చేత్తో జవాబు చెబుతోందన్నాడు.

బయటివాళ్లకు ఇది తెలిసే సంగతి కాదు. చెప్పాలి.

ఎమ్మిగనూరులో మా మగ్గాల కొట్టంలో ఒకప్పుడు పన్నెండు మగ్గాలు ఆడేవి. ఇప్పుడు ఏడు ఆడుతున్నాయి. ఏడు ఆడినా పక్క మగ్గం గుంతలో కూర్చున్నవాడి మాట వినిపించదు. అరిస్తే గొంతు పోవడమే గాని పని జరగదు. అందుకని మా తాతల కాలం నుంచి కొట్టంలో మాటంతా చేతులతోనే. పోగు తెగింది, కండెలో నూలు అయిపోయింది, షావుకారు మనిషి వస్తున్నాడు, అన్నానికి లేద్దాం, పొద్దున్నే మీ ఆడమనిషి అలిగిందా ఏమి, అన్నిటికీ చేతి మాటలున్నాయి.

దానికొక మర్యాద కూడా ఉంది. పెద్దవాడు చేతులెత్తి మాట్లాడితే చిన్నవాడు నాడెను ఆడించే తాడు వదిలేసి రెండు చేతులూ ఎత్తి జవాబు చెప్పాలి. ఒక చెయ్యి తాడు మీదే ఉంచి రెండో చేత్తో చెబితే, నీకింతే చాలు పో అన్నట్టు. పసిపిల్లలతో అట్లా మాట్లాడతారు. గిట్టనివాడితో మాట్లాడతారు. తండ్రితో ఎవరూ మాట్లాడరు. మూడో తరగతి మాని కొట్టానికి వచ్చిన ఏడాది నేను మా నాయనకు ఒకసారి అట్లా చెప్పి నాడెతో దెబ్బ తిన్నాను. మళ్లీ చెప్పలేదు.

సుంకన్న నా చిన్నాయన కొడుకు. నాకంటే పదిహేనేళ్లు చిన్నవాడు. పుట్టినప్పటి నుంచి చెవి వినపడదు, నోటి మాట లేదు. బజారులో అతన్ని మూగోడంటారు. కొట్టంలో ఆ మాట చెల్లదు. అక్కడ అందరమూ మూగవాళ్లమే. పైగా అతని చేతి మాట మా అందరికంటే వేగం. మాకు నూరు మాటలు వస్తే అతనికి వెయ్యి వస్తాయి. అతను అన్నాడు, అడిగాడు అని నేను రాసిన చోటల్లా చేతులతోనే అని అనుకోవాలి.

భార్య గంగమ్మ ఆరేళ్ల కింద పోయింది. ఒక్కతే కూతురు, మల్లేశ్వరి. ఇప్పుడు ఇరవై ఏళ్లు. నడక కంటే ముందు దానికి చేతి మాట వచ్చింది. ఆస్పత్రిలో, బ్యాంకులో, బస్టాండులో తండ్రికి నోరు అదే.

మూడు నెలల కింద మల్లేశ్వరి ఆదోనిలో బట్టలు కుట్టే కంపెనీ ఒకదానిలో చేరింది. హాస్టలు కూడా వాళ్లదే. మూడు నెలలు పని చూస్తారు. నచ్చితే ఖాయం చేస్తారు. హాస్టల్లో ఉండే ఆడపిల్లలకు తండ్రి ఒప్పుకున్నట్టు వేలిముద్ర వేసిన కాగితం ఉండాలట. ఆ కాగితం శనివారం లోపల ఇవ్వాలి. లేకపోతే ఆ చోటు ఇంకొకరికి పోతుంది. మా వీధి పిల్ల ఒకతి ఆదోని నుంచి వస్తుంటే మల్లేశ్వరి దాని చేతికిచ్చి పంపింది. వారమైంది. సుంకన్న దాన్ని మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. వేలిముద్ర వేయలేదు.

ఇక ఫోన్ల సంగతి. అందులో తప్పు నాది.

ఆ పిల్ల చేరిన రోజు ముగ్గురం ఆదోనిలో ఫోన్ల అంగడికి పోయాం. మల్లేశ్వరి కొంచెం చిన్నది ఒకటి చేతిలోకి తీసుకుంది.

"పెద్దనాయనా, ఇది సేతికి కుదురుతాది."

"సేతులు కనపడల్ల కదమ్మా," అన్నాను. "పన్నా ఉండేది తీసుకో."

పన్నా అంటే బట్ట వెడల్పు. పన్నా తక్కువైతే చీరనైనా దుప్పటినైనా కొనేవాడు తిరగేసి పక్కన పెడతాడు. అరవై ఏళ్లుగా అదే చూశాను. వెడల్పు ఉంటే మేలు అన్నదొక్కటే నాకు తెలుసు. పెద్దదాన్ని నా చేతిలో పెట్టుకుని చూశాను. బాగానే కూర్చుంది. సుంకన్న కూడా తలూపాడు. ఒకే మాదిరివి రెండు తీసుకున్నాం, తండ్రికొకటి, కూతురికొకటి. పొడుగు జానకు మూడు వేళ్లు తక్కువ. వెడల్పు బెత్తెడు.

సుంకన్న తన ఫోనును మగ్గం ఎదుట గోడ గూట్లో నిలబెట్టాడు. మధ్యాహ్నం ఒకటిన్నరకు అది వెలుగుతుంది. అతను గుంతలో కూర్చున్నట్టే కూర్చుని రెండు చేతులతో మాట్లాడతాడు. మాకు అన్నం వేళ అదే కాబట్టి కొట్టం నిమ్మళంగా ఉంటుంది. రెండు నెలలు బాగా జరిగింది. అవతల కృపమ్మ అని దాని పక్క మిషను పిల్ల ఫోను పట్టుకునేది. మల్లేశ్వరి ఎదురుగా నిలబడి రెండు చేతులతో మాట్లాడేది. తర్వాత కృపమ్మను రాత్రి పనికి మార్చారు. అప్పటి నుంచి ఒక చెయ్యే కనపడుతోంది.

"ఇద్దరే ఉండే ఇల్లు," అన్నాడు సుంకన్న. "రెండు నెలలు రెండు సేతుల్తో మాట్లాడె. జీతం రుచి సూసినాక ఒగ సెయ్యి సాలంట నాకి."

"అట్ల యాల అనుకుంటావు," అన్నాను.

"ఇంగెట్ల అనుకోల్ల? నిన్న నేను అడిగిందానికి సెయ్యి గూడా ఎత్తల్యా. ఊరికే తలకాయ ఊపె. శనివారం పొద్దున బస్సుకి పోయి పిల్సుకొస్తా."

అని నాడె తాడు పట్టుకున్నాడు. నా భార్య కస్తూరమ్మ కండెలు చుట్టేది ఆపి నా దిక్కు చూసింది.

"సూసుకుంట కూసున్నావే? పోయి ఆ బిడ్డని అడిగి రాపో. వాయప్ప పిచ్చి వాయప్పది. నీకన్నా ఉండల్ల గదా బుద్ధి."

గురువారం పన్నెండు గంటల బస్సుకు ఆదోని పోయాను.

కంపెనీ గేటు దగ్గర ఫోన్లన్నీ ఒక చెక్కపెట్టెలో ఉన్నాయి. పనిలోకి పోయేముందు అందులో పెట్టి పోవాలి. ఒకటిన్నరకు ఇరవై నిమిషాలు ఇస్తారు. గంట కొట్టగానే ఆడపిల్లలు గుంపుగా వచ్చి పెట్టె మీద పడ్డారు. మల్లేశ్వరి నన్ను చూసి ఆగిపోయింది.

"పెద్దనాయనా! నువ్వేంది ఈడ? నాయనకేమన్నా అయిందా?"

"ఏమీ కాలేదు. బాగుండాడు."

"మల్ల?"

"నువ్వు ఒంటి సేత్తో జవాబు సెప్తాండావంట."

అది నా ముఖం చూసింది. తర్వాత చేతిలో ఫోను చూసింది.

"ఇంగో సెయ్యి యాడిది పెద్దనాయనా? దీన్ని పట్టుకునేకే ఒగటి పోయ."

నేనూ ఆ ఫోను దిక్కు చూశాను.

"అందుకా నాయన ముఖం తిప్పుకుంటాండేది! నేనింగా పండక్కి రాలేదని కోపమేమో అనుకుంటి."

"ఇంగొకరికి ఇచ్చి పట్టుకోమనొచ్చు గదా."

"ఇచ్చినా. పట్టుకున్నామె సినిమా సూసినట్ల సూస్తాది. ఇప్పుడేమన్నావ్, వాయప్పేమన్నె, అని మద్యలో అడుగుతాది. నేను మా నాయనతో మాట్లాడల్లనా, ఆమెకి సదివి సెప్పల్లనా?"

"గోడకి ఆనిచ్చి పెట్టు."

"పెట్టినా. ఆ నీళ్ల ట్యాంకు గట్టు మీద పెడితే జారి కింద పడె. ఇదో." మూల మీద అద్దం చీలి ఉంది. "నాయనకి సెప్పొద్దు. నీ కాళ్లు మొక్కుతా."

ఎట్లా పట్టుకుంటావో చూపించమన్నాను. ఎడమచేత్తో పట్టుకుంది. చెయ్యి తల్లి చెయ్యి, చిన్నది. నాలుగు వేళ్లు వెనక నుంచి చుట్టుకుని అంచు దాకా వచ్చి అక్కడితో ఆగిపోయాయి. బొటనవేలు సగం దాకే పోయింది. కింద జారకుండా చిటికెన వేలు అడ్డం పెట్టింది. ఫోను బరువంతా ఆ వేలి మీదే.

"పైన ఉండేది నొక్కల్లంటే ఎగరేసి పట్టుకోవల్ల," అంది. "పడ్తాదేమోనని భయం. మొన్న నాయన ఏందో అడిగినప్పుడు జారబోయె. రెండు సేతుల్తో పట్టుకున్నా. తలకాయ ఊపినా."

చిటికెన వేలు తిప్పి చూశాను. మొదటి కణుపు పక్కన చిన్న గుంట పడింది, ఎర్రగా. మా వేళ్లకు తాడు రాసుకుని కాయలు కాస్తాయి. గుంట పడటం నేను చూడలేదు.

"ఈడ ఉండల్లని ఉందా నీకి?"

"ఉంది." ఆలోచించకుండా చెప్పింది. "నాకి కాలరు లైను ఇచ్చినారు పెద్దనాయనా. అది అందరికీ ఇయ్యరు. సెయ్యి నేరుగా పోవల్ల."

"మీ నాయన రమ్మంటే?"

"వస్తా. రమ్మంటే రాకుండా ఉంటానా? కాని మల్ల తీసుకోరు."

గంట కొట్టారు. ఆ రోజు తండ్రితో మాట్లాడేందుకు దానికి సమయం మిగల్లేదు. ఫోను పెట్టెలో పెట్టి లోపలికి పోయింది.

అక్కడి నుంచి ఫోన్ల అంగడికి పోయాను. అదే అంగడి. అంగడాయన నన్ను గుర్తుపట్టలేదు.

"సిన్న ఫోను కావల్ల," అన్నాను. "ఆడపిల్ల సేతిలో పట్టేది."

"క్యా తాతా, ఏ కాలంలో ఉండావు? ఇప్పుడు మేము ఫోన్లు అమ్ముతాలేము, రొట్టెల పెనాలు అమ్ముతాండాము." పక్కన కూర్చున్నవాళ్లు నవ్వారు. "సూడు, ఇదీ అంతే, ఇదీ అంతే."

"మూడు నెల్ల కింద సిన్నది ఒగటి ఉండె."

"అది ఆఖరుది. పోయ. ఇంగ రావు."

అద్దాల కింద మూలన ఒకటి కనపడింది. అరచేతిలో మాయమయ్యేంతది. అది చూపించమన్నాను.

"అది పాతది తాతా. మాట పోతాది అంతే. మనిషి కనపడడు దాంట్లో."

"మల్ల సేతులు సిన్నగుండేటోళ్లు ఏం సేస్తాండారు?"

"రెండు సేతుల్తో పట్టుకుంటాండారు."

వాళ్లు నోటితో మాట్లాడేవాళ్లు. ఫోను వెనక అంటించుకునే ఉంగరం ఒకటుంది తీసుకో అన్నాడు. ఉంగరంలో వేలు దూర్చి పట్టుకున్నా ఒక చెయ్యి పోవడం పోవడమే. వద్దన్నాను. ఉత్త చేతులతో బస్సెక్కాను.

సాయంత్రం సుంకన్నకు చూసింది చూసినట్టు చెప్పాను. అద్దం చీలిన సంగతి చెప్పలేదు. రెండు చేతులతోనే చెప్పాను. అతను చివరిదాకా చూశాడు.

"నాదీ అదే ఫోను గదా," అన్నాడు. "నాకి రెండు సేతులు ఎట్ల వస్తాండాయి?"

"నీది గూట్లో ఉంది."

"దాన్నీ యాడన్నా పెట్టుకోమను. మనసుంటే సోటు దొరకదా? ఆ ఫోను బియ్యం మూటనా, సెయ్యి పడిపోయేకి?"

కస్తూరమ్మ వేళ్లకు దారం చుట్టుకుని ఉన్నా ఊరుకోలేక ముందుకు వచ్చింది. తన చిటికెన వేలు అతని ముఖం ముందు పెట్టి, "దీని మీద మోస్తాంది రా నీ బిడ్డ, దీని మీద," అంది. సుంకన్న ముఖం తిప్పుకున్నాడు. ముఖం తిప్పుకుంటే అతనితో ఇంక మాట లేదు. నోరున్నవాళ్లయితే వెనక నుంచైనా అరవవచ్చు.

శుక్రవారం ఒకటిన్నరకు కొట్టంలో అందరమూ మగ్గాలు ఆపి సద్దిమూటలు విప్పుకున్నాం. సుంకన్న తినలేదు. గుంతలో నుంచి లేచి గూటి ఎదుట నిలబడ్డాడు. పొద్దున్నుంచి అతను చేతులు ఆడిస్తూ ఏదో అనుకోవడం చూశాను. రేపు పొద్దున వస్తాను, పెట్టె సర్దుకో, ఇంక ఆ ఊరు చాలు. అంతా వరసగా చెప్పాలని.

ఫోను వెలిగింది. నేను లేచి పోయి గూట్లోది తీశాను. అతని ఎడమచేతిలో పెట్టాను. అతను నా దిక్కు చూసి గూడు చూపించాడు. తిరిగి పెట్టమని. నేను గూటికి అడ్డం నిలబడ్డాను.

అవతల మల్లేశ్వరి అప్పటికే ఒక చెయ్యి ఎత్తింది. అతనికి జవాబు చెప్పాల్సి వచ్చింది. అలవాటుకొద్దీ రెండు చేతులూ ఎత్తాడు. ఫోను పడబోయింది. పొట్టకు ఆనించి పట్టుకున్నాడు. కూతురికి అతని చొక్కా గుండీ కనపడి ఉంటుంది. మళ్లీ ఎత్తాడు. ఈసారి బొటనవేలు ఎక్కడో తగిలి మాట తెగిపోయింది. మల్లేశ్వరే మళ్లీ ఫోను చేసింది. అతను కుడిచేత్తో మొదలుపెట్టాడు. రేపు అన్నాడు. పొద్దున అనేందుకు రెండో చెయ్యి కావాలి. అది ఫోను కింద ఉంది. ఆగిపోయాడు. మళ్లీ రేపు అన్నాడు. మళ్లీ ఆగిపోయాడు.

పక్క మగ్గం దేవేంద్రప్ప ముద్ద నోట్లో పెట్టుకోబోతూ అది చూశాడు.

"ఓరప్పా! సుంకన్నకి నత్తి వచ్చిందిరో!" అన్నాడు. అతనికి కూడా తెలియాలని ముద్ద కింద పెట్టి, చేతులు వణికిస్తూ చేతి మాటలోనూ చెప్పాడు. కొట్టమంతా నవ్వింది. అవతల మల్లేశ్వరి కూడా నవ్వింది. దానికి ఏమి జరుగుతోందో అప్పటికి తెలిసి ఉంటుంది.

సుంకన్న నవ్వలేదు. కూలబడి ఫోనును మోకాళ్ల మధ్య ఇరికించి రెండు చేతులూ ఎత్తాడు. కూతురు తల అడ్డంగా ఊపింది. దానికి మా కొట్టం పైకప్పు రేకులు కనపడుతున్నాయి. మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు. వేళ్లు మార్చి మార్చి పట్టుకున్నాడు. కడకు చిటికెన వేలు కింద పెట్టాడు. ఎవరూ చెప్పలేదు.

ఈ నెల రోజులూ అవతలి బొమ్మ వణుకుతూ ఉండేది. సిగ్నలు బాగలేదేమో అనుకునేవాళ్లం. ఇప్పుడు సుంకన్న చేతిలో ఫోను కూడా అట్లాగే వణికింది. అతను దాన్ని కొంచెంసేపు చూశాడు. మల్లేశ్వరి నవ్వడం ఆపి చూస్తోంది. దాని వెనక ట్యాంకు గోడ, ఎండ.

అప్పుడు అతను కుడిచెయ్యి ఎత్తి ఒంటి చేత్తో అడిగాడు.

"తింటివా?"

అది రెండు చేతులు అక్కరలేని మాట.

"తింటి," అంది అది, ఒంటి చేత్తో. "నువ్వు?"

"ఇంగా లేదు."

"తినుపో."

తర్వాత అతను కుడిచేత్తో ఎడమచేతి చిటికెన వేలు చూపించి, ఆ వేలు దానికి కనపడదని గుర్తొచ్చి, కుడిచేతి చిటికెన వేలు ఎత్తి అద్దానికి దగ్గరగా పెట్టాడు. నొప్పా అని కనుబొమలెత్తాడు.

లేదు అని అది తల ఊపింది. తల ఊపినందుకు ఈసారి అతను ఏమీ అనలేదు. అవతల గంట కొట్టినట్టున్నారు. అది వెనక్కి తిరిగి చూసి, పోతాండా అని చెయ్యి ఊపింది. అద్దం నల్లబడింది.

సుంకన్న ఫోనును ఒళ్లో పెట్టుకుని వేళ్లు విరుచుకున్నాడు. దేవేంద్రప్ప ఇంకేదో అనబోతే కస్తూరమ్మ విసురుతానన్నట్టు కండెల బుట్ట ఎత్తి చూపించింది. అతను అన్నంలోకి తల వంచాడు.

తిన్నాక సుంకన్న నా మగ్గం దగ్గరికి వచ్చాడు. జేబులోంచి కాగితం తీసి మడత విప్పి పడుగు మీద పరిచాడు.

"యాడ ఎయ్యల్ల?"

నేను కూడబలుక్కుని చదివాను. తండ్రి లేక సంరక్షకుడు అని ఉన్న చోట గీత గీసి ఉంది. చూపించాను. సిరా డబ్బా లేదు. పోగుకు గుర్తు పెట్టే నీలం రంగులో బొటనవేలు ముంచి అక్కడ ఒత్తాడు. అతని వేలికి గీతలు పెద్దగా లేవు, మా ఎవరికీ లేవు. మచ్చ మాత్రం పడింది. అది ఆరేదాకా అతను అక్కడే నిలబడ్డాడు. ఆరినాక నేను మళ్లీ తాడు పట్టుకున్నాను.

"ఒగటి సెప్పు దానికి," అన్నాడు, రెండు చేతులతో. "ఇంటికొచ్చినప్పుడు మాత్రం రెండు సేతుల్తో మాట్లాడల్ల."

"సెప్తా," అన్నాను, తాడు వదిలిపెట్టి.

శనివారం పొద్దున ఆదోని పోయి కాగితం కంపెనీ ఆఫీసులో ఇచ్చాను. అక్కడ కూర్చున్నామె నీలం మచ్చను వెలుతురుకు పట్టి చూసింది. ముద్ర సరిగ్గా లేదంది. నేత పని చేసే వేలు అన్నాను. ఆమె దాన్ని ఫైల్లో పెట్టుకుంది.

గేటు దగ్గర కాపలాదారు నన్ను గుర్తుపట్టి అడిగాడు.

"ఏం పెద్దాయనా, మల్లేశ్వరిని పిల్సల్లనా?"

"ఏం సేస్తాంది?"

"మిషను మీద ఉంది."

"వద్దులే," అన్నాను.

నా మగ్గం మీద దుప్పటి ఇంకా నాలుగు మూరలు మిగిలి ఉంది. పదకొండు గంటల బస్సు దొరికింది.